పసుపు కొమ్ము నీడ

ఫిబ్రవరి పన్నెండు, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా ఎక్స్-రే గదిలో ఆ యంత్రం మొదటి ఫిల్ము చదివింది. ఫిల్ము ఒక సున్నపు బట్టీ కూలీది. నిమిషం తిరక్కుండానే తెర మీద డెబ్భై ఒకటి అనే అంకె, పక్కన ఎర్ర గుర్తు వచ్చాయి. యాభై దాటితే ఎరుపు, ఊపిరితిత్తుల్లో జబ్బు అనుమానం, డాక్టరు చూడాలి. యాభై లోపయితే పచ్చ, మనిషిని ఇంటికి పంపేయవచ్చు. మా ఆయా కోటమ్మ గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఒక చెక్క కంప్యూటరు ముందు పెట్టి, వంగి దాన్ని అటూ ఇటూ చూసి, "ఏందక్కా, దీనికి కళ్ళు యాడున్నయ్యి?" అని అడిగింది.

అదే ఏడాది జులై తొమ్మిది, మంగళవారం, పదకొండు గంటల పది నిమిషాలకు ఆ యంత్రం కోటమ్మ ఫిల్ము చదివింది. పద్దెనిమిది అంది. పచ్చ గుర్తు. అది తప్పు. ఆ ఫిల్ము నేనూ చూశాను, నాదీ తప్పే. ఆ రెండు తప్పులు ఎలా కలిశాయో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ముప్పై నాలుగేళ్ళు నేను పల్నాడులో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్-రే టెక్నీషియన్‌ని. ఆసుపత్రి పేరు రాయను, అక్కడ ఇంకా పనిచేసేవాళ్ళున్నారు. చివరి పదహారున్నర నెలలు ఆ యంత్రానికి నోడల్ అధికారిని కూడా నేనే. ఆ మాటకి అర్థం ఏమిటని సూపరింటెండెంటు గారిని అడిగితే, "ఏదన్నా తేడా వస్తే ఫోను నీకు చేస్తారమ్మా" అన్నారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో ఇలాంటి యంత్రాలను చూసుకునే ఉద్యోగాల్లోకి చదువుకున్న పిల్లలు వస్తున్నారు. ఆ మాటకి అర్థం నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. వాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిది.

తడి ఫిల్ము

నేను చేరినప్పుడు మాకు డార్క్ రూము ఉండేది. ఫిల్ము కడిగి క్లిప్పుకి తగిలిస్తే ఆరడానికి చాలాసేపు పట్టేది. పెద్ద డాక్టరు గారికి అంత ఓపిక ఉండేది కాదు. తడి ఫిల్మునే తూర్పు కిటికీకి ఎత్తి పట్టుకునేవారు. నీళ్ళు మోచేతి మీదుగా చొక్కాలోకి కారుతుండేవి. ఆ కిటికీ దగ్గర ఆయన ముందు నన్నే అడిగేవారు: "ఏమ్మా, నీకేమనిపిస్తోంది?"

ఫిల్ము చదివే హక్కు టెక్నీషియన్‌కి లేదు. రిపోర్టు డాక్టరే రాయాలి. అయినా ఆయన అడగని రోజు లేదు. నేను చెప్పాక రోగి వైపు తిరిగి, "ఏం పని చేస్తావయ్యా? ఎన్నాళ్ళ నుంచి?" అనేవారు. ఆ తర్వాతే పెన్ను తీసేవారు.

చేరిన రెండో ఏడు ఒకతని ఫిల్ము చూసి నేను టీబీ అన్నాను. రెండు వైపులా పైన మచ్చలున్నాయి, పుస్తకంలో బొమ్మ లాగే. డాక్టరు గారు అతన్ని అడిగారు.

"రాయి కొడతా సారూ. పిడుగురాళ్ల అవతల క్వారీలో. పదిహేనేళ్ళాయె."

"దుమ్ముకి ముక్కుకేమన్నా కట్టుకుంటావా?"

"తువ్వాలు కడతా సారూ, చెమటకి ఊడిపోద్ది."

కళ్ళె పరీక్ష మూడుసార్లు చేయించారు. టీబీ లేదు, అది రాతి దుమ్ము. "అడక్కుండా రాసుంటే ఆరు నెలలు లేని జబ్బుకి మందు మింగించేవాళ్ళం" అన్నారు నాతో. కోప్పడలేదు. అందుకే నాకు అది ఇంతకాలం గుర్తుంది.

ఆయన వెళ్ళిపోయిన తర్వాతి పదిహేనేళ్ళలో మాకు పదకొండు మంది డాక్టర్లు వచ్చి వెళ్ళారు. కొందరు మంచివాళ్ళే. కానీ కిటికీ దగ్గరికి పిలిచి నన్ను అడిగినవాళ్ళు లేరు. గదికి ఏసీ పెట్టినప్పుడు ఆ కిటికీని అట్టతో మూసేశారు. దానికి ఎదురుగా కూర్చుని పని చేసినన్నాళ్ళూ, చొక్కా చేతులు తడిసిన ఆ మనిషి అక్కడే నిలబడి ఉన్నట్టు నాకు అనిపిస్తూనే ఉండేది.

యంత్రం చేసిన మేలు

యంత్రం మీద కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు. అది వచ్చేనాటికి మా ఆసుపత్రిలో ఫిల్ములు చదివే డాక్టరు వారానికి ఒక రోజే వచ్చేవాడు. మిగతా ఆరు రోజుల ఫిల్ములు కవర్లలో కూర్చునేవి. క్వారీల నుంచి, బట్టీల నుంచి వచ్చిన మనిషి ఒక రోజు కూలీ పోగొట్టుకుని వస్తాడు, మళ్ళీ వారం ఆగి రాడు. యంత్రం నిమిషంలో చెప్పేది. మొదటి మూడు నెలల్లో అది పట్టుకున్న టీబీ కేసులు పదకొండు. అందులో తొమ్మిది ఫిల్ములు నా కంటికి మామూలుగానే కనిపించాయి. ఆ తొమ్మిది మందీ మందులు వాడి బాగుపడ్డారు. వాళ్ళ పేర్లు నా నోటుబుక్కులో ఉన్నాయి.

ఒక సంగతి మాత్రం మొదటి రోజు నుంచే నన్ను కుట్టేది. ఫిల్ము మా కంప్యూటరులోంచి యంత్రం ఇచ్చిన కంపెనీ కంప్యూటరుకి వెళ్ళి, అక్కడ చదివించుకుని తిరిగి వచ్చేది. అందుకు రోగి ఒప్పుకున్నట్టు ఇంగ్లీషులో రెండు పేజీల ఫారం ఉండేది. కింద వేలిముద్ర. కోటమ్మ ఇంకు ప్యాడ్ పట్టుకుని నిలబడేది.

"ఇందులో ఏం రాసుందక్కా?"

"నీ ఫిల్ము వాళ్ళు చూసుకోవచ్చు, దాచుకోవచ్చు, దాంతో యంత్రానికి నేర్పించుకోవచ్చు అని."

"మరి వీళ్ళకి చెప్పవేం?"

"లైను చూడవే, గుమ్మం దాటింది."

"చెప్పటానికి ఎంత సేపు పట్టిద్ది? నాకు చెప్పినంతేగా!"

ఆ రోజు నుంచి లైనులో ఉన్నవాళ్ళకి ఆమే చెప్పడం మొదలుపెట్టింది, తన పద్ధతిలో: "నీ బొమికల బొమ్మ హైదరాబాదు పోయిద్ది, ఆడ దాన్ని పెట్టుకుంటారు. ఇష్టం లేకపోతే లేదని చెప్పు, డాక్టరు వచ్చే రోజు దాకా ఆగు." వద్దన్నవాళ్ళు తక్కువే, కానీ ఉన్నారు. కంపెనీతో ఒప్పందపు పత్రం నలభై ఆరు పేజీలు. అందులో ఎక్కడా లేని పని అది.

కోటమ్మ డబ్బా

యంత్రానికి మా ఆడవాళ్ళ మెడలతో పేచీ వచ్చింది. పల్నాడులో ఆడమనిషి పుస్తెల తాడుకి పుస్తెలొక్కటే ఉండవు. నాలుగు పిన్నీసులుంటాయి, చెవులు శుభ్రం చేసుకునే పుల్ల ఉంటుంది, ఒకామెకైతే బీరువా తాళం చెవి ఉంది. పాత రోజుల్లో తాడు పైకెత్తి పళ్ళతో పట్టుకోమనేవాళ్ళం. ఫిల్ములో మెడ దగ్గర పిన్నీసు కనిపిస్తే డాక్టరు గారు నవ్వేవారు, అంతే. యంత్రం నవ్వదు. "లోహం ఉంది, మళ్ళీ తీయండి" అనేది. ఒక్కో మనిషికి రెండుసార్లు, మూడుసార్లు తీయాల్సి వచ్చేది. అనవసరంగా ఎక్స్-రే తగలడం నాకు ఇష్టం లేదు. తీసి పక్కన పెట్టమంటే గొడవ.

"మొగుడు బతికుండంగా పుస్తెలు తీసి బల్ల మీద పెట్టాలా? ఏం మాటలమ్మా ఇయ్యి?"

దారి చూపించింది కోటమ్మే. "మరమ్మతుకి కంసాలికి ఇచ్చినప్పుడు మెడలో ఏం కట్టుకుంటాం? పసుపు కొమ్మేగా! ఇక్కడా అదే." మార్చి నాలుగున ఇంటి నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. నిండా దారాలు, ఒక్కో దారానికి ఒక్కో కొమ్ము. ముందు కొమ్ము మెడలో వేసి, ఆ తర్వాత పుస్తెలు తీయించి, వాళ్ళ చేతే రుమాల్లో మూట కట్టించేది. ఒక్కరూ గొడవ పెట్టలేదు. పైగా ఆమె నోరు ఊరుకునేది కాదు: "రామ్మా పెళ్ళికూతురా, పసుపు కడతా. కట్నం ఏమీ వద్దులే, ఊపిరి బిగబట్టు చాలు."

దారాలు పొడవూ పొట్టీగా ఉన్నాయని, అన్నీ ఒకే కొలతలో ఉండాలని స్కేలు పెట్టి కత్తిరించింది నేను. ప్లేటుకి ఛాతీ ఆనించినప్పుడు బొమికకి గుచ్చుకుంటుందని కోటమ్మ కొమ్ముని కుడివైపుకి తోసేది. అంటే మా ఆసుపత్రిలో పుస్తెలు తీయించిన ప్రతి ఆడమనిషి ఫిల్ములోనూ ఒక కొమ్ము, ఒకే చోట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ముప్పై ఏడు మంది

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎర్ర గుర్తులు పెరిగాయి. మగవాళ్ళలో కాదు, ఆడవాళ్ళలో. నేను ప్రతి ఫిల్ముకీ తేదీ, వయసు, అంకె రాసుకుంటాను కాబట్టి అది కనిపించింది. మే పద్నాలుగున ముప్పై ఏడు ఫిల్ములు పక్కపక్కన తెరిచి చూశాను. అందరికీ కుడివైపు, అదే చోట, చిన్న గుండ్రటి మచ్చ. ముప్పై ఏడు మందికి ఒకే చోట ఒకే జబ్బు రాదు. డబ్బాలోంచి ఒక కొమ్ము తీసి ఖాళీ ప్లేటు మీద పెట్టి ఎక్స్-రే తీశాను. అదే మచ్చ.

అప్పటికే ఆ ముప్పై ఏడుగురినీ పిలిపించి కళ్ళె పరీక్షలు చేయించారు. వాళ్ళలో బెల్లంకొండ వైపు నుంచి వచ్చిన నాగేంద్రం అనే పిల్లకి ఇరవై నాలుగేళ్ళు. టీబీ అనుమానం అని తెలియగానే అత్తగారింట్లో ఆమె కంచం, గ్లాసు వేరు చేశారు. తర్వాత ఆమెనే వేరు చేశారు, నడికుడిలో పుట్టింటికి పంపేశారు. ఇరవై రెండు రోజులకి పరీక్షల్లో ఏమీ లేదని తేలింది. కాగితం నేనే తీసుకుని వెళ్ళాను. కొమ్ము సంగతి చెబితే ఆమె తల్లి మొహం చూసి నాకు కూర్చోబుద్ధి కాలేదు.

"పసుపు కొమ్ముకి నా కూతుర్ని బయట పెట్టించారా? ఇంత చదివినోళ్ళు మీకు ఆ మాత్రం తెలవదా అమ్మా?"

తెలిసి ఉండాల్సింది.

మే ఇరవై ఒకటి

కంపెనీ నుంచి స్రవంతి అనే ఇంజనీరు మే పదహారున వచ్చింది. నెమ్మదైన పిల్ల, పని తెలిసిన పిల్ల. కొమ్ముని చేతిలో పట్టుకుని, ఫోటో తీసుకుని, "మేడం, ఇది మా ట్రైనింగ్ డేటాలో ఎక్కడా లేదు" అంది.

"ఛాతీ మీద కాకుండా వీపు వెనక్కి వేయిస్తే?" అన్నాను.

"ఎక్స్-రేకి ముందూ వెనకా ఒకటే కదా మేడం."

నిజమే, నాకు తెలిసిన సంగతే. సిగ్గేసింది.

"మీరేం మార్చొద్దు మేడం. మీ ఆచారం మీది. మేం మా వైపు సరిచేస్తాం."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఎక్కడో తయారైన యంత్రం మా ఊరి ఆడవాళ్ళ పసుపు దారానికి వంగుతోందని గర్వపడ్డాను. సూపరింటెండెంటు గారూ సంతోషించారు. "చూశావా, వాళ్ళే చూసుకుంటారు. మనకెందుకమ్మా గొడవ."

మే ఇరవై ఒకటి నుంచి ఆ ఎర్ర గుర్తులు ఆగిపోయాయి. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో యంత్రం వెర్షన్ నంబరు ఉంటుంది. అది ఆ రోజు మారింది. నోటుబుక్కులో రాశాను: "మే 21, కింది నంబరు మారింది." ఏం మార్చారని అడగలేదు. కాగితం రాలేదు, సంతకం లేదు, ఫోను కూడా లేదు.

వాళ్ళు మార్చినది ఇది, పది నెలల తర్వాత తెలిసింది: మా ఆసుపత్రి నుంచి వచ్చే ఆడవాళ్ళ ఫిల్ముల్లో, కుడివైపు ఆ చోట, ఆ సైజు మచ్చ ఏది ఉన్నా లెక్కలోంచి తీసేయమని.

జులై తొమ్మిది

ఆ వారం సిబ్బంది అందరికీ ఎక్స్-రే తీయాలని ఉత్తర్వు వచ్చింది. కోటమ్మ చివరిదాకా తప్పించుకు తిరిగింది. నేనే పిలిచాను.

"ఏమే, రావే. ఊళ్ళో వాళ్ళందరికీ చెబుతావు, నీకు భయమా?"

"భయమెందుకు? నా ఊపిరితిత్తుల్లో సున్నం తప్ప ఏముంటది? వెల్లేసుకోవచ్చు."

ఆయా ఉద్యోగానికి ముందు ఆమె పద్నాలుగేళ్ళు సున్నపు బట్టీలో గంపలు మోసింది. ఆ సంగతి ఆసుపత్రిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. యంత్రానికి అసలే తెలియదు, దాన్ని అడిగే గడి ఫారంలో లేదు.

ఫిల్ము తెర మీదికి వచ్చింది. కుడివైపు, ఆ చోటే, చిన్న మచ్చ. నేను లోపల నవ్వుకున్నాను, పసుపు కొమ్ము అనుకుని. పక్కన పద్దెనిమిది, పచ్చ గుర్తు. ఆమె పుస్తెలు నా టేబులు సొరుగులో ఉన్నాయి. తీసి నా చేత్తోనే ఇచ్చాను. "వెళ్ళవే, వెల్లేసుకునేంత లేదు" అన్నాను. ఆమె మెడలో వేసుకుని, లైనులో తర్వాతి పేరు పిలుస్తూ వరండాలోకి వెళ్ళిపోయింది. ఆమె పేర్లు పిలిచే గొంతు ఆసుపత్రి గేటు దాకా వినిపించేది. ఇప్పుడు అక్కడ పేరు బదులు నంబరు వెలిగే బోర్డు పెట్టారు.

రెండు వందల నలభై అయిదు రోజులు

దగ్గు డిసెంబరులో మొదలైంది. సున్నం దగ్గులే అని తిరిగింది. మార్చి పదకొండున స్ట్రెచర్ తోస్తూ మధ్యలో గోడ పట్టుకుని నిలబడిపోయింది. అప్పటికప్పుడు ఎక్స్-రే తీశాను. కుడివైపు పెద్ద మచ్చ. జులై ఫిల్ము తెరిచి పక్కన పెట్టాను. అదే చోటు.

"కోటమ్మా, జులైలో నీకు తీసినప్పుడు కొమ్ము కట్టుకున్నావా?"

"యాడ కట్టుకున్నా? మనోళ్ళే గదా అని పుస్తెలు తీసి నీ సొరుగులో పడేశా. ఏం, ఎందుకు?"

ఇరవై రెండేళ్ళు కలిసి పని చేశాం. ఆమె ఎవరినీ కొమ్ము లేకుండా పుస్తెలు తీయనిచ్చేది కాదు. నా ముందు మాత్రం ఆమెకి ఆ పట్టింపు లేదు. నేను అది కూడా తెలుసుకోలేదు.

గుంటూరు తీసుకువెళ్ళాం. అది టీబీ కాదు. ఊపిరితిత్తిలో గడ్డ, చెడ్డది. అక్కడి డాక్టరు రెండు ఫిల్ములూ చూసి, "ఎనిమిది నెలల ముందైతే ఆపరేషన్ సంగతి ఆలోచించేవాళ్ళం. తప్పకుండా బతికేది అనను. అవకాశం ఉండేది" అన్నాడు. ఆయన అన్నంతే రాస్తున్నాను.

బయట బెంచీ మీద ఆమెకి మొత్తం చెప్పాను. కొమ్ము అనుకున్నానని, అడగలేదని. అంతా విని, "ఒక్క మాట అడిగితే నీ నోరు అరిగేదా అక్కా?" అంది. ఆ కోపం న్యాయమైనది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు తనే ఫోను చేసి, "ఎన్ని ఫిల్ములు తీసుంటావు ఇప్పటికి? అన్నింట్లో ఇదొక్కటేనా తప్పింది?" అని అడిగింది.

"తెలియదు కోటమ్మా."

"అయితే కూర్చుని చూడు. నా లాంటోళ్ళు ఇంకా ఉంటారేమో."

నాకు తట్టని పని. తను చెప్పింది.

తిరిగి చూడటం, రాయడం

మే ఇరవై ఒకటి నుంచి మార్చి పదకొండు దాకా పచ్చ గుర్తు వచ్చిన ఆడవాళ్ళ ఫిల్ములు ఆరు వందల పద్నాలుగు. మా కొత్త డ్యూటీ డాక్టరమ్మ, నేను పంతొమ్మిది రోజులు కూర్చుని ఒక్కొక్కటీ చూశాం. అనుమానం వచ్చినవి మూడు. ఒకటి పాత మచ్చ, భయం లేదు. ఒకటి టీబీ, మందులు మొదలుపెట్టాం. మూడో ఆమె బట్టీ పని కోసం కృష్ణ దాటి అవతలికి వెళ్ళిపోయింది. ఫోను మోగదు. మనిషిని పంపినా ఆచూకీ దొరకలేదు.

ఏప్రిల్ ఇరవై నాలుగున ఈ సంగతి మీద జిల్లా అధికారులు నరసరావుపేటలో మీటింగు పెట్టారు. కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి ఒప్పందం తెరిచి, "ఫలితం సలహా మాత్రమే అని ఇందులో ఉంది. తుది బాధ్యత వాడేవారిది" అన్నాడు. వాడేవారు అంటే బటన్ నొక్కినవారు. అంటే నేను. నా వంతు బాధ్యత కాదనను. కానీ ఆ రోజు మచ్చని లెక్కలోంచి తీసింది నేను కాదు, తీశారని నాకు చెప్పలేదు. "సలహా ఇచ్చేవాడు తన సలహా మార్చుకుంటే చెప్పి మార్చుకోవాలా, వద్దా?" అని అడిగాను. ఆయన, ఎక్కువ నిబంధనలు పెడితే ఖర్చు పెరిగి మా లాంటి చోట్లకి అసలు యంత్రమే రాదన్నాడు. అది ఉత్త బెదిరింపు కాదు. ఆ పదకొండు మంది టీబీ రోగులు నాకు గుర్తొచ్చారు. బీద జిల్లాలకి ఎప్పుడూ ఇదే బేరం పెడతారు, సగం పని చేసే వస్తువు కావాలా, ఏమీ వద్దా అని.

న్యాయ సలహాదారు మర్యాదగా, "అమ్మా, దీనికంటూ ప్రత్యేకంగా చట్టం ఇంకా లేదు. వచ్చాక చూద్దాం" అన్నారు.

"వచ్చేదాకా ఫిల్ములు ఆపుతారా సార్?"

అప్పుడు నా కాగితం తీశాను. అయిదు నియమాలు తెలుగులో రాసుకువెళ్ళాను. యంత్రంలో ఏది మార్చినా ముందు కాగితం రావాలి, తేదీతో, మార్చినవారి పేరుతో, కారణంతో. పచ్చ గుర్తు వచ్చిన ప్రతి పదో ఫిల్మునీ మనిషి చూడాలి. రోగి ఏం పని చేస్తాడో, మెడలో ఏముందో అడిగి, అంకె చూడకముందే రాయాలి. రోగి పేరు ఆసుపత్రి గేటు దాటకూడదు. యంత్రం చదువుతోందని, వద్దనవచ్చని, రోగికి తెలుగులో నోటితో చెప్పాలి.

నాలుగు ఒప్పుకున్నారు. అయిదోది, కోటమ్మ లైనులో చేసిన పని, జనం భయపడతారని తీసేశారు. నేను గట్టిగానే వాదించాను, ఓడిపోయాను. ఈ ఉద్యోగాల్లోకి వచ్చేవాళ్ళకి అది అప్పజెబుతున్నాను. ఉత్తర్వు లేకపోయినా చెప్పండి. చెప్పకూడదనే ఉత్తర్వు కూడా లేదు.

ఇంకొక మాట. యంత్రం మార్చాల్సిన అవసరమే లేదని కోటమ్మ జబ్బు బయటపడ్డాక తెలిసింది. ఏప్రిల్‌లో ఒకామె తనంతట తనే, "మెడలోనే ఎందుకమ్మా, చేతికి కట్టు, కంకణం లాగా" అంది. ఆ రోజు నుంచి కొమ్ము మణికట్టుకే కట్టాం. ఒక్కరూ కాదనలేదు. ముప్పై ఏడుగురి మచ్చ బయటపడిన రోజు మేము కంపెనీని అడిగాం. లైనులో నిలబడ్డవాళ్ళని అడగలేదు.

పేరు

జూన్ ముప్పైన నేను దిగిపోయాను. కోటమ్మ ఆటోలో వచ్చి, ముందు వరసలో కూర్చుని, శాలువా కప్పేటప్పుడు ఆయాసపడుతూనే, "ఊపిరి బిగబట్టక్కా" అని అరిచింది. హాలంతా నవ్వింది.

ఆగస్టులో స్రవంతి ఫోను చేసింది. కోటమ్మ రెండు ఫిల్ములూ యంత్రానికి నేర్పడానికి వాడుకుంటామని, అలాంటి మచ్చని మళ్ళీ వదలకుండా చూస్తామని అంది. ఆమెని అడిగి చెబుతానన్నాను. ఈసారి అడిగాను.

కోటమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. "పెట్టుకోమను. ఇంకొకామె బతికిద్ది. కింద నా పేరు మాత్రం రాయమను."

"రాయకూడదే. పేర్లు తీసేయాలని నియమం."

"ఎవరు పెట్టారు ఆ తలకాయలేని నియమం?"

"నేనే."

నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక, "నీ నియమాలు, నీ స్కేలు, నీ నోటుబుక్కు!" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ నియమం సరైనదే. ఇప్పటికీ మార్చమని అడగను. అందుకని ఆమె ఫిల్ములు అక్కడ పేరు లేకుండా ఉన్నాయి, ఒక నంబరుతో. ఈ కాగితాలకి ఆ నియమం వర్తించదు. ఇక్కడ పేరు రాయమని ఆమే చెప్పింది.

మధ్యాహ్నాలు ఇంట్లో కూర్చుంటే వరండాలో పేర్లు పిలుస్తున్నట్టు ఇప్పటికీ వినిపిస్తుంది. నా పేరు పిలిస్తే లేచి వెళ్ళాలనిపిస్తుంది.

లెక్క ఇది.

లేని జబ్బుకి పిలిపించిన ఆడవాళ్ళు ముప్పై ఏడుగురు. వాళ్ళలో నాగేంద్రం ఇంటికి దూరమైన రోజులు ఇరవై రెండు. కాగితం లేకుండా జరిగిన మార్పు ఒకటి. నియమాల్లో పోయినది ఒకటి. ఆచూకీ దొరకని మనిషి ఒకరు. జులై తొమ్మిది నుంచి మార్చి పదకొండు దాకా పోయిన రోజులు రెండు వందల నలభై అయిదు.

సెప్టెంబరు ఇరవై రెండు, సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. కోటమ్మ, యాభై ఆరేళ్ళు.